చుక్కల చిరునామాలు, లోకాల దారులు

ఖిలా వరంగల్‌ను చూచినవారికి ఆ పురనిర్మాణంలోని పొందిక తెలియకపోదు. నడుమ స్వయంభూదేవుని ఆలయ శిథిలాలున్నవి. వాటికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలిచినవి. వాటి చుట్టూ వలయంగా రాతికోట ఉన్నది. దాని అడ్డుకొలత రమారమి 1.2 కిలోమీటర్లు. రాతికోటను చుట్టి మరొక వలయంగా మట్టికోట ఉన్నది. దాని అడ్డుకొలత ఇంచుమించు రెట్టింపు. ఇట్టి పట్టణంలో ఒక ఇంటి జాడ చెప్పడానికి రెండే మాటలు చాలును: తోరణాల నడిమి నుండి ఏ దిక్కుగా పోవలెను, ఎంత దూరం పోవలెను. గణితంలో వీటినే ధ్రువ నిరూపకాలు అంటారు. కాకతీయుల స్థపతులు ఆ పేరు ఎరుగరు గాని, ఆ పొందిక వారికి బాగా తెలిసినదే.

హనుమకొండలో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి శాసనం మరొక సంగతి నేర్పుతుంది. అందులో శక సంవత్సరం 1084 అని కాలం చెప్పబడినది, అది క్రీ.శ. 1163కు సరిపోతుంది. ఏది ఎక్కడ ఉన్నదో చెప్పడంతోనే శాసనకారుడు ఊరుకోడు. ఎప్పటి మాటో కూడా చెబుతాడు. నేలమీది గుడికి ఇది మర్యాద మాత్రమే కావచ్చును. ఆకాశంలోని చుక్కకు మాత్రం ఇది తప్పనిసరి. సంవత్సరం చెప్పని చుక్క చిరునామా ఎందుకూ పనికిరాదు.

వరంగల్ ప్రాంతపు రైతు మృగశిర కార్తె, హస్త కార్తె అని లెక్కపెట్టడం కూడా ఒక విధంగా చిరునామా చెప్పడమే. సూర్యుడు ఆ దినాలలో 27 నక్షత్రాలలో ఎవరి ఇంట ఉన్నాడో ఆ మాట తెలుపుతుంది. ఒక్కొక్క ఇంటి వెడల్పు 13 డిగ్రీల 20 నిమిషాలు. సూర్యుడు దానిని 13, 14 రోజులలో దాటుతాడు. విత్తనం చల్లడానికి ఈ పాటి చిరునామా సరిపోతుంది. మరొక లోకానికి నౌకను పంపడానికి చాలదు.

ఎంత సూక్ష్మమైన చిరునామా కావలెను? దీనిని తెలుసుకొనడానికి కోణమానం కొంచెం గుర్తుకు తెచ్చుకోవలెను. ఒక డిగ్రీలో 60 నిమిషాలు, ఒక నిమిషంలో 60 సెకండ్లు. పంచాంగకర్తలు వీటినే కళలు, వికలలు అంటారు. హైదరాబాదుకు, వరంగల్‌కు నడుమ దూరం 145 కిలోమీటర్లు అనుకొందాం. హైదరాబాదులో నిలిచినవాడికి వరంగల్‌లోని ఒక తలుపురెక్క, అనగా 70 సెంటీమీటర్ల వెడల్పు, సరిగా ఒక సెకండు కోణంగా కనిపించవలెను. నడుమ ఉన్న చెట్టు చేమ, భూమి వంపు అడ్డురాకపోతే మాట. ఈ తలుపురెక్కను గుర్తుంచుకొంటే తక్కిన కథ సులభం.

ఆకాశంలో మైలురాళ్లు లేవు. గ్రహాలు కదులుతవి, భూమి కదులుతుంది, నౌక కదులుతుంది. కదలకుండా ఉన్నట్లు కనిపించేవి దూరపు నక్షత్రాలే. కాబట్టి గ్రహం ఎక్కడ ఉన్నదని అడిగితే, ఫలానా చుక్కకు ఇంత తూర్పుగా, ఇంత దక్షిణంగా అని చెప్పవలసి వస్తుంది. చుక్క చిరునామాలో తప్పుంటే గ్రహం చిరునామాలో అదే తప్పు చేరుతుంది. దారి కూడా ఆ మేరకు తప్పుతుంది.

నేలమీది దారులకు కూడా ఆధారం చుక్కలే. విలియం లాంబ్టన్ దక్షిణాగ్రం నుండి ఉత్తరంగా త్రిభుజాలు కొలుస్తూ వచ్చి 1815లో నిజాం రాజ్యంలో, బీదరు సమీపాన ఉన్న దామర్‌గిద్దకు చేరినాడు. ఆ చోటి అక్షాంశం 18 డిగ్రీలు దాటి కొన్ని నిమిషాలు. వరంగల్ అక్షాంశం కూడా దాదాపు అంతే. ఆ అక్షాంశం తెలిసినది గొలుసుతో కాదు, నడినెత్తికి దగ్గరగా పోయే నక్షత్రాలను కొలిచి. తరువాత లాంబ్టన్ వద్ద చేరిన జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలు సాగించి, జ్వరంతో మంచాన పడి, ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికాకు ఓడ ఎక్కవలసి వచ్చినది. వరంగల్ సీమ ఆ రెండు నదుల నడిమిదే. హిమాలయ శిఖరానికి ఎక్కిన ఆ పేరు వెనుక తెలుగునేల చలిజ్వరం కూడా ఉన్నదని చాలమందికి తెలియదు.

నక్షత్రాలు కూడా కదులుతవని కనిపెట్టినవాడు ఎడ్మండ్ హేలీ. 1718లో ఆయన ప్రాచీన గ్రీకుల పట్టికలను తన కాలపు కొలతలతో పోల్చి చూచినాడు. సిరియస్, ఆర్క్‌ట్యూరస్, ఆల్డెబరాన్ అనే మూడు చుక్కలు పాత తావులలో లేవు. తెలుగువారు ఆర్క్‌ట్యూరస్‌ను స్వాతి అనీ, ఆల్డెబరాన్‌ను రోహిణి అనీ పిలుస్తారు. ఇందులో హేలీ చూపిన తెలివి ఒక ఎత్తు అయితే, వందల యేండ్లనాడు ఎవరో చుక్కలను ఓపికతో రాసిపెట్టడం మరొక ఎత్తు. ఆ పాత పట్టికే లేకపోతే హేలీ ఏమి చేయగలిగేవాడు? చుక్క నడక ఒక సంవత్సరంలో బయటపడదు. సాధారణంగా ఒక సెకండు కోణంలో 50వ వంతో, ఇంకా తక్కువో ఏటికి జరుగుతుంది. తలుపురెక్క లెక్కన సంవత్సరానికి ఒకటిన్నర సెంటీమీటరు. దానిని పట్టుకొనడానికి ఒక తరం కొలిచిపెట్టవలెను, మూడు నాలుగు తరాల తరువాత ఇంకొకరు మళ్లీ కొలవవలెను.

ఈ పనికి ఛాయాచిత్రం వచ్చి తోడైనది. 1887 ఏప్రిల్‌లో పారిస్ వేధశాలాధిపతి మూషే ఆహ్వానం మీద నానాదేశాల జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశమంతటినీ గాజు ఫలకాల మీద చిత్రించవలెనని నిశ్చయించినారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి 18 వేధశాలలకు పంచినారు. పని రెండు భాగాలు. పదకొండో తరగతి కాంతి వరకు గల చుక్కలన్నిటి చిరునామాల పట్టిక ఒకటి. అంతకన్న మసక చుక్కలను కూడా చూపే పటం మరొకటి. చిలీ దేశంలోని శాంతియాగో వేధశాలకు దక్షిణ క్రాంతి 17 డిగ్రీల నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ వచ్చినది. (భూమిమీద అక్షాంశం వంటిదే ఆకాశంలో క్రాంతి, రేఖాంశం వంటిది విషువాంశ.) శాంతియాగో ఆ పనిని నెరవేర్చలేకపోయినది. ఆకాశపటంలో ఒక పట్టీ ఖాళీగా మిగిలినది.

ఇంతలో హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ అనే ప్రభువు ఇంగ్లండులో 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని కొని, 1901లో ఫిసల్‌బండలోని తన ఆవరణలో వేధశాల నెలకొల్పినాడు. నిజాం అనుమతితో దానికి నిజామియా వేధశాల అని పేరు పెట్టినాడు. తన తదనంతరం అది ప్రభుత్వానికి చెందవలెనని కోరినాడు. 1907లో ఆయన మరణించగా, 1908లో ప్రభుత్వం దానిని స్వీకరించినది. సంపన్నుల సరదా వస్తువులు వారితోనే మూలపడడం లోకంలో మామూలు. ఈ నవాబు ముందుచూపు వల్ల హైదరాబాదుకు ఆ దుస్థితి పట్టలేదు.

ప్రభుత్వం డైరెక్టరుగా నియమించిన ఆర్థర్ చాట్‌వుడ్ కాలంలో వేధశాల బేగంపేటకు మారినది. నక్షత్ర ఛాయాచిత్రాలకు 8 అంగుళాల కుక్ యంత్రాన్ని అక్కడ నిలిపినారు. శాంతియాగో వదలిన పట్టీని హైదరాబాదు తలకెత్తుకొన్నది. పారిస్ సమావేశం నిర్ణయించిన కటకం 33 సెంటీమీటర్లది, అనగా 13 అంగుళాలది. హైదరాబాదు కటకం అంతకన్న చిన్నది. అయినా పని ఆగలేదు. 1914లో డైరెక్టరుగా వచ్చిన పోకాక్ హయాంలో ఫలకాలు జోరుగా తయారైనవి. 1917లో పట్టిక సంపుటాలు వెలువడనారంభించినవి. 1918లో పోకాక్ మరణించగా, టి.పి. భాస్కరన్ బాధ్యత వహించి 1944 వరకు, అనగా పాతికేండ్లకు పైగా, ఆ పనిని నడిపినారు. వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చినది.

ఆ పని ఎట్లా జరిగిందో కొంత వివరంగా తెలుసుకొనడం మంచిది. ఒక్కొక్క గాజు ఫలకం ఆకాశంలో రెండు డిగ్రీల చదరాన్ని పట్టుకొంటుంది. రెండు డిగ్రీలంటే నాలుగు నిండు చందమామలను వరుసగా పేర్చినంత పొడవు. ఫలకం మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక నిమిషం కోణం. చుక్కల చిత్రం పడే ఫలకం మీదనే 5 మిల్లీమీటర్ల ఎడంతో నిలువు గీతలు, అడ్డ గీతలు కూడా ముద్రించేవారు. అవి ఆకాశానికి వేసిన గళ్లు. ఫలకం వెలుతురుకు తెరచి ఉన్నంతసేపు పరిశీలకుడు పక్కనున్న దూరదర్శినిలో ఒక చుక్కను సాలెపోగు వంటి సన్నని తీగల కూడలిమీద పట్టి ఉంచవలెను. భూమి తిరుగుతున్నకొద్దీ యంత్రం చుక్కల వెంట తిరుగుతుంది. గడియారపు నడకలో చిన్న తేడా వచ్చినా చుక్క గీతగా సాగుతుంది. తెల్లవారిన తరువాత ఫలకాన్ని కడిగి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఉంచి, ఒక్కొక్క చుక్క తన గడిలో ఎడమ గీతకు ఎంత దూరాన, కింది గీతకు ఎంత దూరాన ఉన్నదో చదివి రాసుకోవలెను. మిల్లీమీటరులో 200వ వంతు పొరపాటు కూడా లెక్కలోకి వస్తుంది. అది ఆకాశంలో మూడో వంతు సెకండు. వరంగల్ తలుపురెక్క మీద ఒక జానెడు.

ఇట్లా ఒక ఫలకం కాదు, వెయ్యికి పైగా ఫలకాలు. పైగా ఒక ఫలకం మూల పక్క ఫలకం నడుమకు వచ్చేటట్లు ఒకదానిమీద ఒకటి పరచి తీసేవారు. అందువల్ల ప్రతి చుక్కా కనీసం రెండు ఫలకాల మీద సాక్ష్యం చెబుతుంది. దక్షిణ పట్టీ 1929 నాటికి ముగిసినది. అప్పటికి జర్మనీలోని పోట్స్‌డాం తన వాటాను పూర్తి చేయలేక వదలుకొన్నది. అందులో ఉత్తర క్రాంతి 36 నుండి 39 డిగ్రీల వరకు గల భాగాన్ని కూడా హైదరాబాదే స్వీకరించి, 1928 నుండి 1938 వరకు చిత్రించినది. రెండు పట్టీలలో కలిసి నాలుగు లక్షలకు మించిన చుక్కల చిరునామాలు 12 సంపుటాలుగా అచ్చయినవి. చివరి సంపుటం వెలువడినది 1946లో. గణన యంత్రాలు లేని రోజులలో, కాగితం మీద, చేతితో!

ఈ పని చేసినవారిలో డైరెక్టర్ల పేర్లు తప్ప తక్కినవి లోకానికి తెలియవు. ఒకటి మాత్రం చెప్పదగినది. అక్కడ సహాయకుడుగా పనిచేసిన ఒకరి కుమారుడు ఆ దూరదర్శినుల నడుమనే పెరిగి, నిజాం కళాశాలలో చదివి, తరువాత భారతదేశపు ఆధునిక జ్యోతిశ్శాస్త్రానికి పునాది వేసినాడు. ఆయనే వేణు బాపు. తమిళనాడు కావలూరులోని 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరు పెట్టినారు.

హైదరాబాదు పట్టీని వరంగల్ విద్యార్థులు కంటితో చూడవచ్చును. వరంగల్ అక్షాంశం 18 డిగ్రీలు కాబట్టి ధ్రువనక్షత్రం ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఉత్తర క్రాంతి 18 డిగ్రీల చుక్కలు నడినెత్తిమీదుగా పోతవి. దక్షిణ క్రాంతి 20 డిగ్రీల చుక్క దక్షిణాన 52 డిగ్రీల ఎత్తున దాటుతుంది. మే నెల నడుమ రాత్రి 9 గంటలకు దక్షిణంగా నిలిచి ఆ ఎత్తున చూస్తే చిన్న నాలుగు మూలల ఆకారం కనిపిస్తుంది. అది హస్త నక్షత్రం. తరువాత తూర్పువైపున అనురాధలోని పై చుక్కలు. ఇవన్నీ బేగంపేట వాటాలోనివే. ఉపాధ్యాయులు ఒక కోణమానిని, ఒక దారం, ఒక చిన్న రాయి ఉంటే చాలు, పిల్లలచేత ఆ ఎత్తును కొలిపించవచ్చును.

అయితే ఈ మహాయత్నం లోకంలో ఎట్టి పేరు పొందినది? చెప్పాలంటే కొంత చెడ్డ పేరే. అమెరికా వేధశాలలు పెద్ద దర్పణాలు నిలిపి, నక్షత్రాలు దేనితో చేయబడినవి, నీహారికలు ఎంత దూరాన ఉన్నవి అని అడుగుతున్న కాలంలో, ఇన్ని వేధశాలలు గాజు ఫలకాల మీద చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నవని విమర్శ వచ్చినది. విమర్శ పూర్తిగా అన్యాయం కాదు. మసక చుక్కల పటం ఎన్నటికీ పూర్తికాలేదు. 1970లో అంతర్జాతీయ జ్యోతిశ్శాస్త్ర సంఘం ఆ ప్రయత్నానికి లాంఛనంగా మంగళం పాడినది. అచ్చయిన పట్టికలలో కూడా చాలావరకు ఫలకం మీది మిల్లీమీటర్లే ఉన్నవి గాని, ఆకాశంలోని క్రాంతి విషువాంశలు లేవు. వాడదలచినవాడు ప్రతి చుక్కకూ మళ్లీ లెక్క కట్టుకోవలెను. కాబట్టి ఆ సంపుటాలు గ్రంథాలయాలలో దుమ్ము పట్టినవి. ఒక పేదరాజ్యపు ధనం, ముప్పై యేండ్ల శ్రమ ఇందుకేనా అని అడిగినవాడికి 1970లో సమాధానం చెప్పడం కష్టమే.

సమాధానం ఉపగ్రహం మోసుకువచ్చినది. ఐరోపా వారు 1989లో ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం 1993 వరకు చుక్కలను కొలిచినది. దాని కొలతలు సూక్ష్మమైనవే, కాని కాలం నాలుగేండ్ల లోపు. ఏటికి 50వ వంతు సెకండు నడిచే చుక్క ఆ వ్యవధిలో ఎంత కదులుతుంది? సెకండులో పన్నెండో వంతు కూడా కాదు. అదే చుక్కకు 1914 నుండి 1929 వరకు తీసిన ఫలకం దొరికితే, నడుమ 60, 70 యేండ్లు గడచినవి. కదలిక ఒక సెకండును దాటుతుంది. పాత కొలత మోటుదే అయినా ఆ వ్యవధి ముందు ఆ మోటుతనం మరుగున పడిపోతుంది. అందుకే మాస్కోలోని స్టెర్న్‌బెర్గ్ సంస్థవారు పాత సంపుటాలన్నిటినీ గణన యంత్రాలకు ఎక్కించినారు. వాషింగ్టనులోని నౌకా వేధశాలవారు లెక్కలు తిరిగి కట్టి, 46 లక్షల చుక్కల పట్టికగా 1997లో వెలువరించినారు. దానితో ఉపగ్రహపు కొలతలను జోడించి 2000లో టైకో-2 అనే పట్టిక తయారైనది. అందులో 25 లక్షల చుక్కల తావులు, నడకలు ఉన్నవి. ఆ నడకలకు పాత కాలపు కొన ఏదంటే, ముఖ్యంగా ఈ గాజు ఫలకాలే. హస్త, అనురాధల పట్టీలో ఆ కొనను పట్టుకొని నిలిచినది బేగంపేట.

ఇట్టి పట్టికలు నౌకలకు దారి చూపే విధం రెండు. మొదటిది నౌక ముఖం ఎటు ఉన్నదో తెలుసుకొనడం. నౌకలోని చిన్న కెమెరా ఎదుట కనిపించే చుక్కల గుంపును చూచి, తనలో దాచుకొన్న పట్టికతో పోల్చి, తాను ఏ దిక్కు చూస్తున్నదో తానే నిర్ణయించుకొంటుంది. రెండవది గమ్యం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనడం. ఇది మరింత కఠినం.

2006లో బయలుదేరిన న్యూ హొరైజన్స్ నౌక 2015 జూలైలో ప్లూటోను దాటి, అటుపైన ఆరోకాత్ అనే చిన్న రాతిగడ్డ వద్దకు పోవలసి వచ్చినది. దాని పొడవు సుమారు 35 కిలోమీటర్లు. సూర్యుని నుండి దాని దూరం 650 కోట్ల కిలోమీటర్లు. 2014లో హబుల్ దూరదర్శిని దానిని కనిపెట్టినది. మన తలుపురెక్కను ఇప్పుడు అంత దూరాన నిలబెట్టి చూడవలెను. అక్కడ ఒక సెకండు కోణం 31,000 కిలోమీటర్లకు పైమాట, అనగా భూమి వంటి రెండు గోళాలు పక్కపక్కన పట్టే వెడల్పు. చుక్కల చిరునామాలో ఒక్క సెకండు పొరపాటుంటే నౌక ఆ గడ్డను చూడకుండానే దాటిపోవచ్చును. అందువల్ల 2013లో ఎగిరిన గాయా ఉపగ్రహం కొలిచిన చిరునామాలను ముందుగానే తెప్పించుకొన్నారు. గాయా సూక్ష్మత ఎంతటిదంటే, వరంగల్ తలుపురెక్క మీద వెంట్రుక మందం కూడా దానికి పెద్ద కొలతే. ఆ లెక్క ప్రకారం 2017 జూలై 17న ఆరోకాత్ ఒక చుక్కను కప్పుతుందనీ, ఆ నీడ దక్షిణ అర్జెంటీనా మీద పడుతుందనీ చెప్పినారు. దూరదర్శినులు పెట్టుకొని కూర్చున్నవారికి చుక్క ఒక్క క్షణం ఆరిపోయి కనిపించినది. 2019 జనవరి 1న నౌక ఆ గడ్డకు 3,500 కిలోమీటర్ల దూరం నుండి సాగిపోయినది.

ప్లూటో, ఆరోకాత్ ఆ యేండ్లలో ధనూరాశిలో, దక్షిణ క్రాంతి 20, 21 డిగ్రీల ప్రాంతాన ఉండినవి. అనగా నౌక సాగిన దిక్కు హైదరాబాదు పట్టీ లోనిదే. ఆరోకాత్ లెక్కకు వాడిన చుక్కలు బేగంపేట ఫలకాలకు అందనంత మసకవి. కాని ఆ వీధిలో మొదట ఇంటి నంబర్లు వేసినవారెవరంటే బేగంపేటవారి పేరే చెప్పవలెను.

గమ్యం చేరిన తరువాత ఆ లోకం నేలమీద కూడా చిరునామాలు కావలెను. చంద్రుడు భూమికి ఎప్పుడూ ఒకే ముఖం చూపుతాడు కాబట్టి ఆ ముఖం నడిమి నుండి రేఖాంశాలు లెక్కపెడతారు. కుజునికి అట్టి సౌకర్యం లేదు. అందుచేత ఎయిరీ-0 అనే అర కిలోమీటరు గుంటను అక్కడి గ్రీనిచ్‌గా ఎంచుకొన్నారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3లోని విక్రమ్ చంద్రునిమీద దిగిన చోటు దక్షిణ అక్షాంశం 69.37 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 32.32 డిగ్రీలు. దిగుతున్నప్పుడు తీసిన చిత్రాలను ముందే నింపిన పటంతో పోల్చుకొంటూ విక్రమ్ తన జాడ తానే గుర్తించినది. 2024 మార్చిలో అంతర్జాతీయ జ్యోతిశ్శాస్త్ర సంఘం ఆ తావుకు శివశక్తి అనే పేరును ఆమోదించినది.

నిజామియా వేధశాల తరువాతి కాలంలో చిరునామాల పని చాలించి కొత్త శాస్త్రం వైపు మళ్లినది. హైదరాబాదుకు ఆగ్నేయంగా జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని 1968లో నెలకొన్నది. గాయా కూడా తన పని ముగించినది. 2025 మార్చిలో దానిని ఆర్పివేసినారు. 2022లో వెలువడిన దాని పట్టికలో 180 కోట్ల చుక్కలున్నవి. ప్రతి చిరునామా పక్కన వేయిస్తంభాల గుడి శాసనంలో వలెనే కాలం వేసి ఉన్నది: 2016.0 అని. ఆ తేదీ నుండి ఒక్కొక్క యేడు గడిచినకొద్దీ ఆ చిరునామాలు కొద్దికొద్దిగా పాతబడుతున్నవి.